పక్షుల వెంట సాగిన జీవితము

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు కలవు. ఉదయమున శామీర్‌పేట చెరువు గట్టుపై నిలిచినచో కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు కనిపించును. అనేకులు వానిని చూచి సాగిపోవుదురు. పక్షులను చూచుటకే జీవితమును అర్పించినవాడు సలీం అలీ. ఈ ప్రాంతము హైదరాబాదు సంస్థానములో ఉన్న కాలమున, ఆ సంస్థానపు పక్షులను పరిశీలించినది ఆయనయే.

సలీం అలీ 1896లో జన్మించెను. పసితనముననే తలిదండ్రులను కోల్పోయి, బొంబాయిలో మేనమామ ఇంట పెరిగెను. ఒకనాడు తన చిన్న తుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని గొంతుపై పసుపుపచ్చని మచ్చ యుండెను. అది ఏ జాతిదో తెలిసికొనగోరి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పోయెను. అచ్చటి పక్షుల నమూనాలను చూచి ఆశ్చర్యపడెను.

పెద్దవాడైన పిదప బొంబాయి మ్యూజియములో ఉద్యోగము చేయుచు, సెలవు పొంది జర్మనీకి వెళ్ళెను. బెర్లినులో స్ట్రెజెమాన్ అను ఆచార్యుని వద్ద పక్షిశాస్త్రము అభ్యసించెను. హెలిగోలాండు ద్వీపమున పక్షుల కాళ్ళకు చిన్న లోహపు కడియములు తొడిగి, వాని వలసమార్గములను కనుగొను విధానమును నేర్చెను. చచ్చిన పక్షి చర్మమును కొలుచుటతో తృప్తిపడక, బ్రతికియున్న పక్షి నడవడిని ఓర్పుతో గమనింపవలెనని గ్రహించెను.

1930లో తిరిగివచ్చునప్పటికి ధనము చాలక ఆ ఉద్యోగమును తొలగించియుండిరి. సలీం అలీ భార్య తెహమీనాతో సముద్రతీరమందలి కిహీం గ్రామము చేరెను. అచ్చట గిజిగాళ్ళు గూళ్ళు కట్టుచుండెను. ఆయన వానిని దినదినము గమనించెను. మగపక్షి గూటిని సగము అల్లును. ఆడుపక్షి వచ్చి మెచ్చిన పిదపనే తక్కిన సగము ముగించును. ఈ పరిశీలన ఆయనకు కీర్తి తెచ్చెను.

పిమ్మట 1931-32లో హైదరాబాదు సంస్థానమున పక్షుల పరిశీలన సాగించెను. ప్రయాణపు ఖర్చులు ఇచ్చినచో చాలునని, జీతము కోరక పనిచేసెను. తెహమీనా ఆయన వెంట శిబిరములలో నివసించి తోడ్పడెను.

1976లో పద్మవిభూషణ బిరుదము పొందిన ఆయన 1987లో మరణించెను. విదేశవిద్య ఆయనకు చూచు పద్ధతిని నేర్పెను. చూడవలసిన పక్షులు స్వదేశపు చెట్లపైనను, చెరువులయందును ఉండెను. నేటికిని చలికాలమున ఉత్తరదేశములనుండి వలసబాతులు తెలంగాణ చెరువులకు వచ్చును. గట్టుపై నిశ్శబ్దముగ కూర్చుండి, కనిపించినది చిన్న పుస్తకమున వ్రాసికొను విద్యార్థికి ఆ చెరువే పాఠశాల యగును.