దూలం తెలిశాకే సాఫ్ట్‌వేర్

రెండు కొసలా ఆనుకున్న ఉక్కు దూలం మీద బరువు పడితే పైభాగం నొక్కుకుపోతుంది, కిందిభాగం సాగుతుంది. నడుమ ఆ ప్రభావం తక్కువ. అందుకే ఇంగ్లిష్ ‘I’ ఆకారపు ఐ-సెక్షన్‌లో ఉక్కును ఎక్కువగా పైనా కిందా ఉండే ఫ్లాంజ్‌లకు ఇచ్చి, మధ్యలోని వెబ్‌ను పలుచగా ఉంచుతారు. వంపును ప్రధానంగా ఫ్లాంజ్‌లు, కోతబలాన్ని వెబ్ తట్టుకుంటాయి. ఉదాహరణకు, ఐఎస్ఎంబీ 300 అనే సెక్షన్ అంటే 300 మిల్లీమీటర్ల ఎత్తున్న దూలం. కొలతలకు ఐఎస్ 808, డిజైన్‌కు ఐఎస్ 800 మన దేశంలో ప్రమాణాలు.

ఫ్యాక్టరీ షెడ్లు, క్రేన్లు నడిచే గంట్రీ గర్డర్లు, గోదాములు, చాలా రైల్వే వంతెనలు ఈ ఆకారపు దూలాల మీదే నిలుస్తాయి. హైదరాబాద్‌లో 2023లో రాకపోకలకు తెరిచిన ఇందిరాపార్కు-వీఎస్‌టీ ఫ్లైఓవర్ ఉక్కుదే. రద్దీ రోడ్డు మీద సెంట్రింగ్ కొట్టి నెలల తరబడి దారి మూయలేనప్పుడు, ఉక్కును కోసి అతికే ఫ్యాబ్రికేషన్ షాపులో తయారైన గర్డర్లను తెచ్చి క్రేన్‌తో ఎక్కించడమే తేలిక.

ఇంత పని ఉన్న రంగాన్ని చాలామంది తల్లిదండ్రులు ‘ఇనుప పని’ అని తీసిపారేస్తారు. లెక్కలంటే ఇష్టపడి, చేత్తో ఏదో ఒకటి బిగించి చూసే పిల్లాడిని కూడా కంప్యూటర్ సైన్స్‌లోకి నెట్టడం వీళ్లకు అలవాటైపోయింది. సీటు కోసం పొలం అమ్మడం ప్రేమ అనిపించుకోవచ్చు గానీ, కెరీర్ ప్రణాళిక మాత్రం కాదు.

అర్హతల సంగతి సులువే: పదో తరగతి తర్వాత ఐటీఐలో వెల్డర్ ఏడాది, ఫిట్టర్ రెండేళ్లు, పాలిసెట్ ప్రవేశ పరీక్షతో డిప్లొమా, ఆపై ఈసెట్ పరీక్షతో బీటెక్ రెండో ఏడాదిలో చేరిక.

అసలు చిక్కు సివిల్ ఇంజినీరింగ్ చదివాక మొదలవుతుంది. ఉద్యోగం రాలేదనగానే స్టీల్ డీటైలింగ్ (ఉక్కు ముక్కల కొలతలు, రంధ్రాలు, బోల్టులు చూపే డ్రాయింగులు గీయడం) నేర్పే కోచింగ్ సెంటర్లు ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అంటూ పిలుస్తాయి. చెన్నై, హైదరాబాద్‌లలో అమెరికా భవనాలకు డ్రాయింగులు గీసే సంస్థలు ఉన్న మాట నిజమే. అయితే ఆ సంస్థలు చూసేది బటన్లు నొక్కే వేగాన్ని కాదు. డ్రాయింగులో డబ్ల్యూ12×26 అనే అమెరికా సెక్షన్ పేరు కనపడితే సుమారు 12 అంగుళాల ఎత్తు, అడుగుకు 26 పౌండ్ల బరువు అని తట్టాలి. 20 మిల్లీమీటర్ల బోల్టుకు 22 మిల్లీమీటర్ల రంధ్రం ఎందుకో, బోల్టు బిగించే స్పానర్‌కు చోటుందో లేదో తెలియాలి. ఏసీ డక్ట్ కోసం వెబ్‌కు రంధ్రం పెట్టమంటే, కోతబలం ఎక్కువుండే ఆధారం దగ్గర వద్దని చెప్పగలగాలి. పక్క ఆధారం లేని పొడవాటి దూలం, ఉక్కు పూర్తి బలానికి రాకముందే పక్కకు మెలితిరిగి ఒరగవచ్చు. ఈ సంగతి ఎరగని డీటైలర్ గీసిన అందమైన త్రీడీ మోడల్ సైటులో ఎవరికీ అక్కరకు రాదు.

పైగా డీటైలింగ్‌కు వాడే టెక్లా సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థులు నేర్చుకోవడానికి ఉచిత విద్యా లైసెన్సు దొరుకుతుంది. దాన్నే నేర్పడానికి అప్పు చేయించే సెంటర్‌లో చేరేముందు, బోధించేవారు ఏ ఫ్యాబ్రికేషన్ షాపులో పనిచేశారో అడగాలి. జవాబు రాకపోతే రసీదు కూడా తీసుకోనక్కర్లేదు, వెనక్కి తిరగడమే మంచిది.

గల్ఫ్‌కు వెల్డర్లుగా వెళ్లేవారికి ఇంకో ఉచ్చు ఉంది. ఏజెంటు విదేశాంగ శాఖ వద్ద నమోదైనవాడో కాడో ఈ-మైగ్రేట్‌లో చూడకుండా పాస్‌పోర్టు చేతికివ్వకూడదు. పని చూపకుండా విజిటింగ్ వీసా ఇస్తానంటే అక్కడితో మాట ఆపేయాలి.

డిప్లొమా, షాపులో ఒకటి రెండేళ్లు, తర్వాత డీటైలింగో ఇన్‌స్పెక్షనో: డబ్బు తక్కువగా ఉన్న ఇంటికి ఇదే మెరుగైన దారి. డిజైన్ మీద మనసున్నవారు బీటెక్ తర్వాత గేట్ రాసి స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చేయాలి. ఏ దారైనా ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు పిల్లలను ఒక ఫ్యాబ్రికేషన్ షాపుకు తీసుకెళ్లి, పూట మొత్తం అక్కడ నిలబెట్టి, నచ్చిందా అని వాళ్లనే అడగాలి.