పెరట్లో హాప్స్ తీగ: నాటడం ఎలా, ఎప్పుడు కోయాలి, ఎంత ఆరబెట్టాలి?

ఇవాళ్టి వీడియోలో మనకి అంతగా పరిచయం లేని ఒక తీగ పంట చూద్దాం. బీరుకి ఆ చేదు, ఆ వాసన తెచ్చేది హాప్స్ తీగకి వచ్చే పువ్వులే. అమెరికాలో వాషింగ్టన్, ఒరెగాన్ వైపు ఉంటున్న మనవాళ్ళు పెరట్లో బీర, సొర పాకించుకున్నట్టే దీన్నీ పాకించుకోవచ్చు. తీగ పెంచడం పెద్ద విద్యేం కాదండి. ఏడాది కష్టం పాడయ్యేది ఆఖరి వారంలో, అంటే కోతలో, ఆరబెట్టడంలో. అందుకే ఈ పాఠంలో సగం దానికే పెట్టాను.

ముందు మన ఊళ్ళ నుంచి చూస్తున్నవాళ్ళకి ఒక మాట. ఇది గుంటూరులోనో వరంగల్‌లోనో చక్కగా కాసే పంట కాదు. ఎండ ఎక్కువని కాదు, పగలు చాలదని. హైదరాబాద్‌లో జూన్ నెలలో కూడా పగలు 13 గంటల పైన కాస్త ఉంటుంది, అంతే. హాప్స్ తోటలకి పేరుపడ్డ యాకిమా లోయలో అదే రోజుల్లో దాదాపు 16 గంటలు. అంత పొడుగు పగటిలో తీగ ముందు బాగా ఎదిగి, ఆ తర్వాత పగలు తగ్గుతుంటే పూతకి వస్తుంది. మన దగ్గర నాలుగడుగులు పాకకుండానే పూతకి దిగి, గుప్పెడు కూడా ఇవ్వదు. మన దేశంలో దీని సాగు హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలాంటి చల్లటి చోట్ల ఉంది. కాబట్టి ఆన్‌లైన్‌లో గింజలు కనబడ్డాయని డబ్బు పెట్టకండి. పైగా గింజ వేస్తే అందులో మగ మొక్కలూ వస్తాయి, వాటితో బీరుకి పని లేదు. ఇంకోటి, మన రాష్ట్రాల్లో ఎక్సైజ్ లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం. అమెరికాలో 1978లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, ఇంట్లో ఒక్క పెద్దవారు ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్ల దాకా సొంతానికి చేసుకోవచ్చు. అమ్మకూడదు.

ఇక నాటడం. ఆడ మొక్క వేరుదుంప ముక్కలు నర్సరీల్లో వసంతకాలంలో దొరుకుతాయి. మొదటిసారి అయితే కాస్కేడ్ రకం తీసుకోండి. ఒరెగాన్‌లో తయారై 1972లో విడుదలైన రకం ఇది, పెరటివాళ్ళకి బాగా ఓర్చుకుంటుంది. మంచు భయం పోయాక, కనీసం 6 నుంచి 8 గంటలు ఎండ పడే చోట గుంట తీసి, బాగా మగ్గిన కంపోస్ట్ కలిపి, కళ్ళు పైకి ఉండేలా దుంపని అడ్డంగా పడుకోబెట్టి రెండంగుళాల మట్టి కప్పాలి. ఒకే రకమైతే మొక్కకీ మొక్కకీ మీటరు దూరం చాలు, వేరే రకమైతే ఇంకాస్త ఎడం ఇవ్వండి. లేకపోతే రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలీదు. పైన ఎండాకు, గడ్డి మందంగా ఆచ్ఛాదన వేయండి.

పందిరి కాదు, దీనికి నిలువు తాడు కావాలి. తీగ 15 నుంచి 20 అడుగులు పోతుంది. మంచి ఊపులో ఉన్నప్పుడు రోజుకి అడుగు దాకా ఎదిగిన రోజులూ ఉంటాయి. దీనికి నులితీగలు ఉండవు. కాండం మీద గరుకు నూగుతో తాడుని పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టుకుంటుంది. మీరు ఎదురు వైపు చుడితే విడిపోతుంది (వీడియోలో చూపించాను). తాడుకి రెండు మూడు పిలకలు ఉంచి మిగతావి తీసేయండి. తీగ పైకి వెళ్ళాక కింది మూడడుగుల ఆకు దులిపేస్తే గాలి ఆడి బూజు తెగులు తగ్గుతుంది. నీళ్ళు మొదట్లోనే ఇవ్వండి, ఆకు తడపొద్దు. పేనుబంక, నల్లి వస్తే ఆకు అడుగు భాగం నీళ్ళతో గట్టిగా కడగండి. వేపనూనె వాడేవాళ్ళు పూత రాకముందే ఆపేయాలి, లేకపోతే ఆ వాసన బీరులోకి వస్తుంది.

మొదటి ఏడాది పెద్దగా ఆశ పెట్టుకోకండి. మూడో ఏడుకి పూర్తి కాపు వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆగస్టు సగం నుంచి సెప్టెంబరు సగం లోపు కోత. ఈ పూలగుత్తినే కోన్ అంటారు. చూడ్డానికి ఆకుపచ్చగా నిండుగా ఉండగానే కోయాలనిపిస్తుంది, ఆగండి. ఒక కోన్‌ని వేళ్ళతో నొక్కండి. పచ్చిదైతే మెత్తగా, తడిగా అణిగి అలాగే ఉండిపోతుంది. పండినదైతే కాగితంలా గరగరలాడుతూ మళ్ళీ పైకి లేస్తుంది. చీల్చి చూస్తే రేకుల మొదట్లో లుపులిన్ అనే పొడి కనిపిస్తుంది. చేదూ వాసనా ఉండేది ఆ పొడిలోనే. అది లేత నిమ్మ రంగులో ఉంటే ఇంకా టైముంది, దంచిన పసుపు రంగుకి తిరిగితే సిద్ధం. నలిపితే పచ్చగడ్డి వాసన పోయి ఘాటుగా రావాలి. రేకుల అంచులు కాస్త గోధుమ రంగుకి తిరిగినా కంగారు లేదు.

చేతి అంచనా మీద నమ్మకం లేకపోతే తూకం ఉంది. తీగ పైనా కిందా కలిపి 50 గ్రాముల కోన్లు కోసి, బరువు ఇక తగ్గదు అనేదాకా ఎండబెట్టండి. 10 గ్రాములు మిగిలితే 20 శాతం, అంటే కోత దగ్గర పడింది. 11 నుంచి 12 గ్రాములు మిగిలితే కోసేయొచ్చు. నాలుగైదు రోజులకోసారి ఇలా చూసుకుంటే చాలు. కోసేటప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, ఆ నూగు చర్మాన్ని గీరుతుంది.

కోసిన రోజే ఆరబెట్టడం మొదలవ్వాలి. మనవాళ్ళకి మిరపకాయల్లా ఎండలో పోసే అలవాటు కదా, ఇక్కడ అది పనికిరాదు. ఎండకి వాసన పోతుంది. నీడలో కిటికీ మెష్ మీద పలచగా పరిచి ఫ్యాను పెడితే రెండు మూడు రోజులు పడుతుంది. డీహైడ్రేటర్ అయితే 50 డిగ్రీల సెంటీగ్రేడ్ లోపు, ఫారెన్‌హీట్ అయితే 120. రేకులు ముందే ఎండిపోయి మోసం చేస్తాయి, తడి మధ్య కాడలో ఉంటుంది. కాడ వంగకుండా పుటుక్కున విరగాలి. లెక్క ఏంటంటే, సరిగ్గా పండిన కిలో పచ్చి కోన్లు ఆరి దాదాపు 250 గ్రాములకి రావాలి. 300 దగ్గర ఆపేశారంటే సంచిలో బూజు పడుతుంది.

ఆరినవి గాలి తీసేసిన సంచుల్లో కట్టి, రకం, తేదీ, బరువు రాసి ఫ్రీజర్లో పెట్టండి. బయట వదిలేస్తే కొన్నాళ్ళకి పాత చీజ్ కంపు వస్తుంది.

వాడేటప్పుడు ఒక చిక్కుంది. చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు కాస్కేడ్‌లో సుమారు 4.5 నుంచి 7 శాతం. మీ తీగలో ఎంతో ల్యాబ్ చెప్తే తప్ప తెలీదు. అందుకని నా పద్ధతి ఇది: గంటసేపు మరగాల్సిన చేదు వాటాకి శాతం రాసున్న కొన్న హాప్స్ వేసి, ఆఖరి పది నిమిషాల్లో వాసన కోసం పెరటివి వేస్తాను. పచ్చివే వేయాలంటే కోసిన 24 గంటల్లోపు, ఎండువాటి కంటే నాలుగైదు రెట్ల బరువు పడుతుంది.

ఇంట్లో కుక్క ఉందా? హాప్స్ దానికి విషం. బీరు కాచాక మిగిలిన పిప్పి తిన్నా ఒళ్ళు విపరీతంగా వేడెక్కి ప్రాణం మీదికి వస్తుంది. కంపోస్ట్ గుంటలో వేస్తే పైన మట్టి, మూత తప్పనిసరి.

కోత అయ్యాక తీగని వెంటనే మొదలంటా నరకొద్దు. ఆకుల్లోని బలం దుంపలోకి దిగాలి, మొదటి ఏడాది మొక్కకి ఇది మరీ ముఖ్యం. మంచు పడి తీగ ఎండిపోయాక రెండడుగులు వదిలి కోసేసి, మొదట్లో కంపోస్ట్ వేసి ఎండాకు కప్పేయండి.