పాట ఆగకుండా పని: రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో అక్కరకొచ్చే షార్ట్‌కట్లు

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, ఇంద్రావతి నది గోదావరిలో కలిసే చోటుకు దగ్గరలో భోపాల్‌పట్నం ఉంది. నదులు దాటితే ఒకవైపు మహారాష్ట్ర, మరోవైపు తెలంగాణ. తెలుగు, గోండీ, దోర్లీ, హల్బీ, హిందీ కలగలిసి వినిపించే ప్రాంతమిది. ఇలాంటి చోట పెళ్ళి పాటలు, విత్తనాల పండుగ పాటలు, డోలు దరువులు పుస్తకాల్లో కన్నా మనుషుల నోటిలో, చేతుల్లో ఎక్కువగా ఉంటాయి. ఒక పాట తెలిసిన చివరి వ్యక్తి పోతే, ఆ పాట కూడా పోయినట్లే.

ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన ‘సీజీనెట్ స్వర’ మామూలు ఫోన్‌తోనే గ్రామస్థులు తమ మాటలను తమ భాషలో రికార్డు చేసుకునే వీలు కల్పించింది. నేడు ఒక పాత ల్యాప్‌టాప్, ఒక మైకు, ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే స్థానిక యువతీయువకులే పాటలు సేకరించగలరు. ఇబ్బంది మరోచోట ఎదురవుతుంది. ఎదుట కూర్చున్న అవ్వ పాట ఎత్తుకున్నాక, రికార్డు చేసేవారు తెర మీద మెనూలు వెతుకుతూ ఉంటే చెవి పాట మీద నిలవదు. షార్ట్‌కట్ కీలు ఆదుకునేది ఇక్కడే.

కీబోర్డుకు, మౌస్‌కు తేడా ఎంత?

కంప్యూటర్ మీద ఒక పనికి ఎంత సమయం పడుతుందో అంచనా వేసే పద్ధతిని స్టూవర్ట్ కార్డ్, థామస్ మోరాన్, అలెన్ న్యూవెల్ 1980లో ప్రకటించారు. దాని ప్రకారం టైపింగ్ అలవాటున్నవారు ఒక కీ నొక్కడానికి సగటున 0.2 సెకన్లు పడుతుంది. మౌస్‌తో తెర మీద ఒక చోటును చూపడానికి 1.1 సెకన్లు, చేతిని కీబోర్డు నుంచి మౌస్‌కు మార్చడానికి 0.4 సెకన్లు పడుతుంది.

రెండు అంచెల మెనూలో ఒక ఆదేశం ఇవ్వాలంటే చెయ్యి మౌస్‌కు వెళ్ళాలి, రెండు చోట్ల గురిపెట్టి నొక్కాలి, తిరిగి కీబోర్డుకు రావాలి. మొత్తం సుమారు 3.4 సెకన్లు. అదే పనిని రెండు కీలతో చేస్తే 0.4 సెకన్లు. తేడా 3 సెకన్లు. నిమిషానికి 120 దెబ్బల వేగంతో మోగే డోలు ఆ వ్యవధిలో 6 దెబ్బలు దాటిపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఏ కీ నొక్కాలో ఆలోచించుకోవడానికి మెదడుకు దాదాపు 1.35 సెకన్లు పడుతుందని అదే పద్ధతి చెబుతుంది. కాబట్టి వంద షార్ట్‌కట్లను పైపైన చదవడం కన్నా, ఐదారింటిని ఆలోచించే పని లేకుండా వేళ్ళకు అలవాటు చేయడం మేలు.

ముందుగా నేర్చుకోవలసిన కీలు

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకొని 2000లో విడుదలైన ఆడాసిటీ ఉచితంగా దొరికే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. దాని 3వ తరం రూపాల్లో, విండోస్ కంప్యూటర్ మీద ఈ కీలు పనిచేస్తాయి.

• ఆర్: రికార్డింగ్ మొదలవుతుంది. ఎంచుకున్న ట్రాక్ ఉంటే దాని చివరే కొనసాగుతుంది. కొత్త ట్రాక్ కావాలంటే షిఫ్ట్ + ఆర్.
• స్పేస్: రికార్డింగ్‌ను ఆపుతుంది. ఆగి ఉన్నప్పుడు నొక్కితే వినిపిస్తుంది. ఒక భాగాన్ని ఎంచుకొని నొక్కితే ఆ భాగమే వినిపిస్తుంది కాబట్టి, పాట మాటలు రాసుకునేటప్పుడు ఒకే చరణాన్ని ఎన్నిసార్లైనా వినవచ్చు.
• కంట్రోల్ + ఎమ్: రికార్డింగ్ నడుస్తుండగానే ఆ క్షణం దగ్గర ఒక లేబుల్ పెడుతుంది.
• కంట్రోల్ + ఎఫ్: మొత్తం రికార్డింగ్‌ను తెర వెడల్పుకు సరిపెడుతుంది. దగ్గరగా చూడాలంటే కంట్రోల్ + 1, దూరంగా చూడాలంటే కంట్రోల్ + 3.
• కంట్రోల్ + ఎస్: ప్రాజెక్టును భద్రపరుస్తుంది. కరెంటు నమ్మకం లేని చోట ప్రతి పాట తర్వాత ఇది తప్పనిసరి.
• కంట్రోల్ + జెడ్: చివరి మార్పును వెనక్కి తీసుకుంటుంది.

వీటిలో పాటల సేకరణకు అన్నిటికన్నా విలువైనది లేబుల్. రెండు గంటల రికార్డింగ్‌లో ఏ పాట ఎక్కడుందో, అది దోర్లీయా తెలుగా, ఎవరు ఎత్తుకున్నారు అన్నది ఆ రోజే గుర్తుపెట్టకపోతే తర్వాత అదంతా పేరులేని శబ్దం అవుతుంది. పాట జరుగుతుండగా పొడవుగా టైపు చేయనక్కరలేదు. 1 అంటే పాట మొదలు, 2 అంటే పాట అర్థం గురించిన మాటలు, 3 అంటే మళ్ళీ అడగవలసిన పదం అని ముందే అనుకుంటే ఒక అంకె చాలు. అంకె కొట్టిన వెంటనే ఎంటర్ నొక్కాలి. లేకపోతే లేబుల్ తెరిచే ఉంటుంది, తర్వాత నొక్కిన స్పేస్ రికార్డింగ్‌ను ఆపకుండా లేబుల్‌లో ఖాళీగా చేరుతుంది. కీబోర్డు తెలుగు లిపిలో ఉన్నప్పుడు ఆర్ వంటి ఒంటి అక్షరపు షార్ట్‌కట్లు పనిచేయకపోవచ్చు. గాయకులు వచ్చేలోపే ఒకసారి పరీక్షించుకోవాలి.

పాటకూ పాటకూ మధ్య రికార్డింగ్‌ను ఆపకపోవడమే మంచిది. పాట వెనుక కథ, పాత మాటకు అర్థం తరచుగా ఆ విరామంలోనే బయటపడతాయి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల ఒకే మైకు రికార్డింగ్ నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు, గంటకు దాదాపు 520 మెగాబైట్లు. ఈనాటి మెమరీ కార్డుకు అది పెద్ద బరువేమీ కాదు.

కోసిన చోట ‘టక్’మనకుండా

శబ్ద తరంగం సున్నా గీతకు పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. తరంగం ఎత్తులో ఉన్నప్పుడు కోసి మరో ముక్కకు కలిపితే, అతుకు దగ్గర అది ఒక్కసారిగా ఎగిరి ‘టక్’మని వినిపిస్తుంది. భాగాన్ని ఎంచుకున్నాక జెడ్ కీ నొక్కితే, ఆడాసిటీ ఆ ఎంపిక కొసలను తరంగం సున్నా గీతను దాటే దగ్గరి బిందువులకు జరుపుతుంది. ఆ తర్వాత కంట్రోల్ + ఎక్స్‌తో కోస్తే అతుకు చాలావరకు వినిపించదు.

సీక్వెన్సర్‌లో ఒక కీతో జాగ్రత్త

సీక్వెన్సర్ శబ్దాన్ని కాక సూచనలను దాచుకుంటుంది. ఏ స్వరం, ఏ క్షణాన, ఎంత బలంగా అన్నవే ఆ సూచనలు. 1983లో వచ్చిన మిడి ప్రమాణం వీటికి ఉమ్మడి భాష అయింది. కీబోర్డు మీద డోలు దరువును వాయించి, దాని చుట్టూ కొత్త సంగీతం అల్లాలనుకునేవారు దీన్ని వాడతారు.

ఇక్కడ అందరూ త్వరగా నేర్చుకునే షార్ట్‌కట్ క్వాంటైజ్. క్యూబేస్‌లో, లాజిక్‌లో అది క్యూ కీ. ఎఫ్ఎల్ స్టూడియోలో కంట్రోల్ + క్యూ, ఏబుల్టన్ లైవ్‌లో కంట్రోల్ + యు. అటూఇటూ పడిన దెబ్బలను ఇది దగ్గరి గడి గీత మీదికి లాగుతుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో, ఒక్కో దెబ్బను నాలుగు గడులుగా విభజిస్తే ఒక్కో గడి 125 మిల్లీసెకన్లు. అంటే ఒక దెబ్బ 62 మిల్లీసెకన్ల వరకు జరిగిపోవచ్చు. చేయి తడబడి తప్పిన దెబ్బ సరిదిద్దుకుంటుంది, నిజమే. కానీ నాట్యం చేసేవారి అడుగును చూసి వాద్యకారుడు కావాలనే ఆలస్యంగా వేసిన దెబ్బ కూడా అదే గీత మీదికి చేరుతుంది. ఈ రెండింటి మధ్య తేడా సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఒక ఊరి దరువును పక్క ఊరి దరువు నుంచి వేరుచేసేది ఆ కొద్ది మిల్లీసెకన్లే కావచ్చు.

అందుకని క్వాంటైజ్‌ను ఎప్పుడూ నకలు మీదే వాడాలి. బలాన్ని శాతంలో నిర్ణయించుకునే వీలున్న సాఫ్ట్‌వేర్‌లో 100కు బదులు 30, 40తో మొదలుపెట్టి, అసలు రికార్డింగ్‌తో పోల్చి వినాలి. వీలైతే ఆ వాద్యకారుడికే వినిపించి, ఇది తన దరువేనా అని అడగాలి. కంట్రోల్ + జెడ్ ఉందన్న ధీమా కూడా పనికిరాదు. ఆడాసిటీలో ప్రాజెక్టును మూసివేస్తే వెనక్కి వెళ్ళే చరిత్ర మిగలదు. చేయి పెట్టని మూల ఫైలు ఒకటి, వేరే డిస్కులో దాని నకలు ఒకటి ఉండాలి. వాటి వెంట పాడినవారి అనుమతి, పేరు, ఊరు, భాష, తేదీ రాసి ఉంచాలి.

సాధన ఎలా?

మొదటి రోజు ఆర్, స్పేస్, కంట్రోల్ + ఎమ్, ఈ మూడింటినే సాధన చేయాలి. రేడియోలో వచ్చే పాటను రికార్డు చేస్తూ, ప్రతి చరణం మొదట్లో తెర వైపు చూడకుండా లేబుల్ పెట్టాలి. తర్వాత లేబుళ్ళు చరణం మొదట్లోనే పడ్డాయో లేదో వినాలి. అవి సరిగ్గా పడుతున్నాయంటే వేళ్ళకు పని అలవడినట్లే. అప్పుడు కళ్ళు పాడే మనిషి మీద, చెవి పాట మీద నిలుస్తాయి.