బాటసారి మూటలో ఏముండాలి?

ఒక సోదరి ఉత్తరం రాశారు. ఆమె కుమారుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే వేసవిలో ఇద్దరు మిత్రులతో కలిసి అలాస్కా రాష్ట్రంలోని నిర్జన ప్రాంతాన్ని పది రోజుల పాటు కాలినడకన దాటాలని అనుకుంటున్నాడు. అక్కడ రోడ్డు లేదు, దుకాణం లేదు, మామూలు ఫోను పనిచేయదు. తిండీ గుడారమూ వీపుపైనే మోసుకెళ్లాలి. నదులు అడ్డువస్తే ప్యాక్‌రాఫ్ట్ అనే చిన్న పడవలో గాలి నింపి దాటాలి. గాలి తీసి మడిచి సంచిలో పెట్టుకునే ఆ పడవ బరువు రెండు మూడు కిలోలే ఉంటుంది.

"మౌలానా గారూ! నాకు భయంగా ఉందని చెబితే 'అమ్మీ, నీకు అల్లాహ్‌పై తవక్కుల్ లేదా?' అంటున్నాడు. నేనేం జవాబు చెప్పాలి?" అని ఆ తల్లి అడిగారు.

ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. తవక్కుల్ అనే పవిత్రమైన మాటను మనలో చాలామంది బద్ధకానికీ దుడుకుతనానికీ ముసుగుగా వాడుకుంటున్నారు. అందుకే ఈ నెల పాఠాన్ని ఈ ప్రశ్నతోనే ప్రారంభిద్దాం.

మూట లేని యాత్రికులు

పూర్వం యెమన్ ప్రాంతం నుంచి కొందరు ఏ సామగ్రీ లేకుండా హజ్ యాత్రకు బయలుదేరేవారు. తాము అల్లాహ్‌పైనే భారం వేసినవారమని చెప్పుకునేవారు. తీరా గమ్యం చేరాక జనం ముందు చేయి చాచేవారు. ఆ సందర్భంలోనే బఖరా సూరా 197వ ఆయతు అవతరించిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. ఇది బుఖారీ గ్రంథంలో ఉంది. ప్రయాణ సామగ్రి వెంట తీసుకోవాలని ఆ ఆయతు ఆదేశిస్తుంది. అన్నిటికన్నా శ్రేష్ఠమైన సామగ్రి దైవభీతి అని కూడా బోధిస్తుంది.

గమనించండి! దైవభీతి ఉంటే చాలు, మూట అక్కర్లేదని అల్లాహ్ అనలేదు. మూట కట్టుకోమన్న చోటే దైవభీతిని కూడా గుర్తుచేశాడు. ఒంటెను కట్టకుండా వదిలి తవక్కుల్ చేయాలా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (స) ముందు దాన్ని కట్టమని, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని చెప్పిన హదీసు తిర్మిజీలో ఉంది. మనిషి చేయవలసింది చేశాక మనసును అల్లాహ్‌కు అప్పగించడమే తవక్కుల్. చేయవలసింది మానేసి ఫలితం కోసం ఎదురుచూడటం తవక్కుల్ కాదు.

హిజ్రత్ ప్రయాణం నేర్పే పాఠం

క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మక్కా నుంచి మదీనాకు ఎడారి మార్గాన ప్రయాణించారు. ఆయనకన్నా గొప్ప తవక్కుల్ ఎవరికుంటుంది? అయినా ఆ ప్రయాణం ఎంత పకడ్బందీగా సాగిందో చూడండి.

హజ్రత్ అబూబకర్ (రజి) రెండు ఆడ ఒంటెలను నాలుగు నెలల ముందు నుంచే ప్రత్యేకంగా మేపారు. వాటిలో ఒకదాన్ని దైవప్రవక్త (స) ఊరికే తీసుకోలేదు, వెల చెల్లిస్తానని చెప్పి తీసుకున్నారు. దారి చూపటానికి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌ను కుదుర్చుకున్నారు. అతడు అప్పటికి ఖురైషుల మతంలోనే ఉన్నాడు. కాని ఎడారి దారులు బాగా తెలిసినవాడు, నమ్మదగినవాడు. మదీనా ఉత్తరాన ఉండగా వారు ముందు దక్షిణాన ఉన్న సౌర్ గుహకు వెళ్లి మూడు రాత్రులు గడిపారు. అబూబకర్ (రజి) కుమారుడు అబ్దుల్లాహ్ పగలంతా మక్కాలో ఉండి రాత్రికి వార్తలు చేరవేసేవారు. ఆమిర్ బిన్ ఫుహైరా (రజి) మేకలను అటు తోలుకొచ్చి పాలు అందించేవారు. హజ్రత్ అస్మా (రజి) భోజనపు సంచి మూతి కట్టటానికి తన నడికట్టునే చించారు.

వాహనం, దారి తెలిసినవాడు, ఆహారం, సమాచారం, వెనుక కనిపెట్టుకుని ఉండే మనుషులు - ఈ అయిదూ సమకూరాకే గుహలో ఆ మహత్తర విశ్వాసం వెల్లడైంది. శత్రువులు గుహ ముఖద్వారం దాకా వచ్చినప్పుడు అబూబకర్ (రజి) కలత చెందారు. అల్లాహ్ మనతో ఉన్నాడని దైవప్రవక్త (స) ధైర్యం చెప్పారు. మానవ ప్రయత్నం అయిపోయిన చోట ఆ మాట వచ్చింది. ప్రయత్నానికి బదులుగా రాలేదు.

నది ఇచ్చిన హెచ్చరిక

ఆ సోదరి కుమారుడు వెళ్లాలనుకుంటున్న అలాస్కాలోనే జరిగిన ఒక సంఘటన చూద్దాం. 1992 ఏప్రిల్‌లో క్రిస్టఫర్ మెక్‌కాండ్లెస్ అనే 24 ఏళ్ల యువకుడు స్టాంపీడ్ ట్రెయిల్ అనే దారిలో ఒంటరిగా అడవిలోకి వెళ్లాడు. అతని దగ్గర సుమారు నాలుగున్నర కిలోల బియ్యం, ఒక చిన్న తుపాకీ ఉన్నాయి. ఆ ప్రాంతపు వివరమైన పటం లేదు. వెళ్లేటప్పుడు టెక్లనికా నదిని సులువుగానే దాటాడు. జులైలో తిరిగి వద్దామనుకునేసరికి మంచు కరిగి నది పొంగింది. దాటలేక వెనుదిరిగి, పాడుబడిన బస్సులోనే తలదాచుకున్నాడు. ఆగస్టులో మరణించాడు. సెప్టెంబరులో వేటగాళ్లకు అతని శవం దొరికింది. అతడు ఆగిపోయిన చోటికి కిలోమీటరు లోపు దూరంలోనే నదిపై తీగకు వేలాడే బుట్ట ఉంది. దానిలో కూర్చుని ఆవలికి చేరవచ్చు. పటం ఉంటే ఆ సంగతి తెలిసేది.

తరువాత అతని కథ పుస్తకమైంది, 2007లో సినిమా అయింది. అది చూసి ఆ బస్సును వెతుక్కుంటూ వెళ్లినవారిలో 2010లో ఒకరు, 2019లో మరొకరు ఆ నదిలోనే మునిగి చనిపోయారు. చివరకు 2020 జూన్‌లో అధికారులు హెలికాప్టర్‌తో ఆ బస్సును అక్కడి నుంచి తొలగించారు. ఆ యువకుణ్ణి నిందించటానికి ఇది చెప్పటం లేదు. అతనికీ ఒక తల్లి ఉంది. ధైర్యం ఒక్కటే ఉంటే నది దారి ఇవ్వదని గ్రహించటానికే చెబుతున్నాము. మన చేతులతో మనల్ని వినాశంలో పడవేసుకోవద్దని బఖరా సూరా 195వ ఆయతు హెచ్చరిస్తుంది. ఆ మాట ధనవ్యయం సందర్భంలో వచ్చినా, ప్రాణాన్ని అనవసరంగా అపాయంలో పడవేయటానికి కూడా పండితులు దాన్ని వర్తింపజేశారు.

బయలుదేరే ముందు

ఒకటి: తోడు. ఒంటరి ప్రయాణాన్ని దైవప్రవక్త (స) వారించారు. ముగ్గురైతేనే బృందం అన్నారు. ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని అమీరుగా ఎన్నుకోమన్నారు. ఈ రెండు హదీసులూ అబూదావూద్‌లో ఉన్నాయి. నది ఒడ్డున ముగ్గురు మూడు మాటలు చెబుతూ నిలబడితే ప్రాణం మీదికొస్తుంది. ఎవరి మాట ఆఖరిదో ఇంట్లో ఉండగానే తేల్చుకోవాలి.

రెండు: తిండి. రోజంతా నడిచే మనిషికి రోజుకు సుమారు 700 నుంచి 900 గ్రాముల ఎండు ఆహారం కావాలి. పది రోజులకు ఎనిమిది కిలోల దాకా అవుతుంది. వాతావరణం ఆపేస్తే ఉండేందుకు ఒకటి రెండు రోజులది అదనంగా పెట్టుకోవాలి. హలాల్ మాంసం అక్కడ దారిలో దొరకదు కాబట్టి ఎండబెట్టిన మాంసం, పప్పు, ఖర్జూరం ముందే సిద్ధం చేసుకోవాలి. ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బాల్లో ఆహారం ఉంచాలి. వంట గుడారానికి దూరంగా చేయాలి.

మూడు: నీరు. హిమానీనదాల నుంచి వచ్చే నదులు పగటి ఎండకు మంచు కరిగి సాయంత్రానికి పెరుగుతాయి, తెల్లవారుజామున తగ్గుతాయి. కాబట్టి ఉదయమే దాటాలి. పాయలుగా విడిపోయి వెడల్పుగా, పలుచగా పారే చోటు వెతకాలి. నడిచి దాటేటప్పుడు వీపు సంచి నడుము పట్టీ విప్పి ఉంచాలి. పడిపోతే సంచిని వదిలించుకోవచ్చు. పడవలో ఉంటే లైఫ్ జాకెట్ తీయకూడదు, తాడుతో తనను పడవకు కట్టుకోకూడదు. నదిలో పడిన చెట్టు జల్లెడ లాంటిది. నీరు దాటిపోతుంది, మనిషి చిక్కుకుపోతాడు. వంపు అవతల ఏముందో కనిపించకపోతే ఒడ్డుకు దిగి నడిచి చూసి రావాలి. మంచునీటిలో పడ్డ మనిషికి చేతులు కాళ్లు పనిచేసే వ్యవధి సుమారు పది నిమిషాలే. పొడి బట్టలు ఒక జత నీరు చొరని సంచిలో ఎప్పుడూ ఉండాలి. ఈ పడవను మొదట నిలకడ నీటిలో, తెలిసినవారి దగ్గర నేర్చుకోవాలి. అడవిలో నేర్చుకోకూడదు.

నాలుగు: వెనుక ఉండేవారు. ఏ దారిన వెళ్తున్నారో, ఏ రోజుకు తిరిగి వస్తారో, ఆ రోజు దాటితే ఎవరికి ఫోను చేయాలో రాసి ఇంట్లో ఇవ్వాలి. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం ఇప్పుడు అరచేతిలో పట్టేంత చిన్నదిగా దొరుకుతోంది. అది ఉన్నా కాగితపు పటమూ దిక్సూచీ వదలకూడదు.

అయిదు: బాకీలు. అప్పులు తీర్చాలి, అమానతులు అప్పగించాలి, చెప్పవలసినది ఉంటే వసీయతు రాయాలి. వసీయతు చేయదగ్గది ఉన్నవాడు అది రాయకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని దైవప్రవక్త (స) బోధించారు.

అడవిలో నమాజు

నమాజు అక్కడ కూడా ఫర్జే. అయితే అల్లాహ్ సౌలభ్యాలు ఇచ్చాడు. ప్రయాణికుడు నాలుగు రకాతుల ఫర్జు నమాజులను రెండుగా చేస్తాడు. వుజూతో తొడుక్కున్న, చీలమండలు కప్పే తోలు బూట్లపై మూడు పగళ్లు, మూడు రాత్రుల వరకు మసహ్ చేయవచ్చు. దైవప్రవక్త (స) ఒక ముద్దు నీటితో, అంటే లీటరు కన్నా తక్కువ నీటితో వుజూ చేసేవారు. పొయ్యికి ఇంధనం లెక్కవేసేటప్పుడు ఆ కాస్త నీరు వేడిచేయటానికి కూడా లెక్కవేసుకోండి. అంతా చేసినా చలి వల్ల ప్రాణహాని భయముంటే తయమ్ముమ్ ఉంది. హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) జాతుస్సలాసిల్ దండయాత్రలో గడ్డకట్టే రాత్రి గుసుల్ చేయకుండా తయమ్ముమ్‌తో నమాజు చేయించారు. ప్రాణాలు తీసుకోవద్దన్న ఖుర్ఆన్ ఆజ్ఞను కారణంగా చెప్పారు. దైవప్రవక్త (స) చిరునవ్వు నవ్వారు, తప్పుపట్టలేదు.

మన దేశంలో ఖిబ్లా పడమర వైపు. అలాస్కాలోని యాంకరేజ్ నగరం నుంచి అది దాదాపు ఉత్తరం, కొద్దిగా పడమరకు. పైగా అక్కడ దిక్సూచి ముల్లు నిజమైన ఉత్తరానికి పది డిగ్రీలకు మించి తూర్పుకు తిరిగి ఉంటుంది. ఇది ముందే నేర్చుకోవాలి. దారికీ అదే లెక్క, నమాజుకూ అదే లెక్క. వేసవిలో అక్కడ చీకటి పూర్తిగా పడదు. దజ్జాల్ కాలపు సుదీర్ఘ దినాల్లో నమాజు వేళలను అంచనా వేసుకోమన్న హదీసు ఆధారంగా, వేళలు స్పష్టంగా తెలిసే సమీప ప్రాంతపు పట్టికను అనుసరించవచ్చని పండితులు చెప్పారు.

వెనుదిరగడం ఓటమి కాదు

హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు వెళ్తూ సర్గ్ అనే చోట ఆగారు. ముందు ప్లేగు వ్యాపించిందని తెలిసి వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ రాసిన విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపే వెళ్తున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఒక లోయలో ఒక పక్క పచ్చిక, మరో పక్క బీడు ఉంటే ఒంటెలను ఎటు మేపినా అది విధి ప్రకారమే కదా అని వివరించారు.

నది ఒడ్డున నిలబడి, నీరు ఎక్కువగా ఉందని గుడారం వేసుకుని ఒక రోజు ఆగినవాడూ, అసలు వచ్చిన దారినే ఇంటికి మరలినవాడూ తవక్కుల్ కోల్పోయినవారు కారు. ఉమర్ (రజి) బాటలో నడిచినవారు.

ఆ తల్లికి మా జవాబు

అమ్మా! కుమారుణ్ణి వద్దని గద్దించకండి, ఊరికే సరేనని కూడా అనకండి. ఎదురుగా కూర్చోబెట్టి అడగండి: మీ ముగ్గురిలో అమీరు ఎవరు బాబూ? పడవ ఎక్కడ నేర్చుకున్నారు? ఎన్ని రోజుల తిండి ఉంది? ఎప్పుడు వెనుదిరగాలో నిర్ణయించుకున్నారా? పదకొండో రోజు నువ్వు రాకపోతే నేను ఎవరికి ఫోను చేయాలి?

వీటికి అతడు తడుముకోకుండా జవాబు చెబితే ప్రయాణ దుఆ చదివించి, మీ దుఆతో పంపండి. చెప్పలేకపోతే మూట ఇంకా కట్టలేదని అర్థం. నేర్చుకుని మరుసటి ఏడు వెళ్లమనండి. అలా ఆపటం మీలో తవక్కుల్ లేకపోవటం కాదు. ఒంటెను కట్టమని గుర్తుచేయటమే.

మనందరిదీ ఒక ప్రయాణమే. దాని చివర కూడా మూట విప్పి చూపవలసి ఉంటుంది. అల్లాహ్ మన పిల్లలను నేల మీదా నీటి మీదా కాపాడి క్షేమంగా ఇళ్లకు చేర్చుగాక! ప్రయత్నమూ తవక్కులూ రెండూ తెలిసిన బాటసారులుగా మనల్ని తీర్చిదిద్దుగాక! ఆమీన్.