ముడిచమురు గొట్టము - పల్లెల నీరు : కీస్టోన్ వివాదము నేర్పు పాఠము

భూమిలో గొట్టములు పాతి ముడిచమురును దూరప్రాంతములకు పంపుట నేడు అనేక దేశములలో నున్న పద్ధతియే. చమురు లభించు చోటు ఒకటి. దానిని శుద్ధిచేయు కర్మాగారము వేరొకటి. నడుమనున్న పల్లెలకు ఆ చమురుతో నిమిత్తము లేకపోయినను, గొట్టము మాత్రము వాటి పొలముల గుండ పోవలసియుండును. అట్టి పల్లెల మాట ఎంతవరకు చెల్లును? ఈ ప్రశ్నకు ఉత్తర అమెరికాలో 2008 మొదలు 2021 వరకు సాగిన కీస్టోన్ ఎక్స్.ఎల్. గొట్టపు వివాదము మంచి పాఠము. పంచాయతీ సభ్యుల పరిశీలనకై దానిని సంగ్రహముగా వివరింపదలచితిమి.

పథకము

కెనడా దేశమందలి ఆల్బర్టా రాష్ట్రమున చమురు ఇసుకతో కలిసి, తారువలె జిగటగా నుండును. ఇసుకనుండి వేరుచేసి పలుచని ద్రవములు కలిపిననే గాని అది గొట్టములో పారదు. ఆ చమురును ఆల్బర్టాలోని హార్డిస్టీ నుండి అమెరికా సంయుక్త రాష్ట్రములలో నెబ్రాస్కా రాష్ట్రపు స్టీల్ సిటీ వరకు, సుమారు 1,900 కిలోమీటర్లు, 3 అడుగుల వ్యాసముగల గొట్టములో పంపవలెనని ట్రాన్స్‌కెనడా కంపెనీ సంకల్పించెను. దినమునకు 8,30,000 పీపాలు, అనగా సుమారు 13 కోట్ల లీటర్లు పంపుట దాని ఉద్దేశము. గొట్టము దేశపు సరిహద్దును దాటునది గనుక అమెరికా అధ్యక్షుని అనుమతి కావలసివచ్చెను. కంపెనీ 2008లో దరఖాస్తు పెట్టెను.

అనుకూలుర వాదము

పథకమును కోరినవారి వాదమునందును బలము లేకపోలేదు. దూరదేశములనుండి ఓడలలో తెచ్చుకొనుటకంటె మిత్రదేశమైన పొరుగువారి చమురు మేలని వారు పలికిరి. గొట్టము పోవు ప్రాంతములకు పన్నుల రాబడి కలుగుననిరి. గొట్టము లేనిచో చమురు రైలుబండ్లపై పోవుననియు, అది మరింత ప్రమాదమనియు వాదించిరి. 2013 జూలైలో కెనడాలోని లాక్ మెగాంటిక్ పట్టణమున ముడిచమురు రైలు పట్టాలు తప్పి మండగా 47 మంది మరణించిరి.

ఉద్యోగముల విషయమున మాత్రము లెక్కను జాగ్రత్తగా చదువవలెను. నిర్మాణకాలమున ప్రత్యక్షముగను పరోక్షముగను సుమారు 42,100 కొలువులకు ఆధారము కలుగునని అమెరికా విదేశాంగ శాఖ 2014లో అంచనా వేసెను. నిర్మాణము ముగిసిన పిదప నిలుచు శాశ్వతోద్యోగములు సుమారు 35 మాత్రమే యని ఆ నివేదికయే తెలిపెను.

ప్రతికూలుర వాదము

మొదట నిర్ణయించిన మార్గము నెబ్రాస్కాలోని ఇసుకదిబ్బల ప్రాంతము గుండ పోవుచుండెను. అచట నేల గుల్ల. భూగర్భజలము పలుచోట్ల కొద్ది లోతుననే యుండును. దాని క్రిందనున్న ఓగలాలా జలనిధి ఎనిమిది రాష్ట్రముల క్రింద వ్యాపించి, సేద్యమునకును త్రాగుటకును ఆధారమైయున్నది. గొట్టము పగిలినచో ఆ నీటి గతి యేమని రైతులు ప్రశ్నించిరి. అంగీకరింపనివారి భూమిపై ప్రైవేటు కంపెనీ బలవంతముగా హక్కు పొందుట న్యాయమా యని అడిగిరి. ఇసుకనుండి చమురు తీయుటలో వాయుకాలుష్యము హెచ్చై భూతాపము పెరుగునని మరికొందరు ఆక్షేపించిరి.

రైతుల భయము ఊహ కాదు. 2010 జూలైలో మిచిగన్ రాష్ట్రపు మార్షల్ పట్టణమువద్ద వేరొక కంపెనీ గొట్టము పగిలెను. హెచ్చరికలు వచ్చినను, నడుపువారు వాటిని సరిగా గ్రహింపక 17 గంటలకు పైగా గొట్టమును మూయలేదు. నడుమ రెండుమారులు చమురును మరల పంపిరి. 30 లక్షల లీటర్లకు మించిన చమురు వెలువడి కలమజూ నదిలో కలిసెను. అది నీటి అడుగునకు దిగుటచే శుభ్రపరచుటకు ఏండ్లు పట్టెను.

తుదకు జరిగినదేమి?

2011లో నెబ్రాస్కా శాసనసభ ఈ విషయమునకై ప్రత్యేకముగా సమావేశమయ్యెను. ఇసుకదిబ్బలను తప్పించుటకు కంపెనీ సమ్మతించెను. మార్గమును ఆమోదించు అధికారమును గవర్నరుకిచ్చిన 2012 నాటి చట్టమును కొందరు భూస్వాములు న్యాయస్థానమున ఎదిరించిరి. 2015 జనవరిలో ఏడుగురు న్యాయమూర్తులలో నలుగురు వారి పక్షము వహించిరి. చట్టమును కొట్టివేయుటకు ఐదుగురు కావలెను గనుక చట్టము నిలిచెను.

2015 నవంబరులో అధ్యక్షుడు ఒబామా అనుమతి నిరాకరించెను. 2017లో అధ్యక్షుడు ట్రంప్ అనుమతించెను. 2021 జనవరి 20న అధ్యక్షుడు బైడెన్ దానిని రద్దుచేసెను. ఆ జూన్ మాసమున కంపెనీ పథకమును విరమించెను. పెట్టుబడి పెట్టిన ఆల్బర్టా ప్రభుత్వము సుమారు 130 కోట్ల కెనడా డాలర్లు నష్టపోయెను. పనివారు పని కోల్పోయిరి.

అనుమతి అధ్యక్షులతోపాటు మారుచు వచ్చెను. ఇసుకదిబ్బలను తప్పించిన మార్పు మాత్రము నిలిచెను. దానికి కారణము, అచటి ప్రజలు చమురు వలదని కేకలు వేయుటతో తృప్తిపడక, తమ నేల స్వభావమును, నీటి లోతును చూపి వాదించుటయే.

మనము గ్రహింపవలసినది

మన దేశమున గొట్టములకై భూమిలో వినియోగ హక్కు పొందుటకు 1962 నాటి పెట్రోలియము, ఖనిజముల గొట్టపు మార్గముల చట్టము కలదు. భూమి యాజమాన్యము రైతుదే. కాని గొట్టము పాతిన పట్టీపై ఇల్లు కట్టుట, బావి త్రవ్వుట, చెట్టు నాటుట కూడదు. జరిగిన నష్టమునకు పరిహారముతోపాటు భూమి మార్కెట్టు విలువలో నూటికి 10 వంతున చెల్లింపవలెను. ప్రకటన వెలువడిన 21 దినములలోగా ఆక్షేపణలు వ్రాతపూర్వకముగా తెలుపవచ్చును; ఆక్షేపించినవారి వాదమును అధికారి వినవలెను.

ఇరువదియొక్క దినములు స్వల్పకాలము. కావున ప్రకటన వచ్చిననాడే సర్వే నంబర్లు సరిచూచుట, బావులను, చెరువులను, కాలువలను పటముపై గుర్తించుట, చదువురాని రైతునకు విషయము తెలియజెప్పుట పంచాయతీ సభ్యుల బాధ్యత. గొట్టము ఎంత లోతున పోవును, దానిని మూయు కవాటము ఎంత దూరమున నున్నది, ప్రమాదము జరిగినచో ఎవరికి తెలుపవలెను అను ప్రశ్నలను గుంట త్రవ్వకమునుపే అడుగవలెను. దేశమునకు ఇంధనము కావలెను. పల్లెకు నీరు కావలెను. ఈ రెండింటిని పొసగించు మార్గము వేళకు అడిగిన ప్రశ్నవలననే దొరకును.