మాటకు వేరూ ఉంది, పొరుగూ ఉంది

తెలుగు మీడియంలో చదివి కాలేజీలో అడుగుపెట్టిన కొత్తలో రోజుకు ఇరవై ఇంగ్లీషు మాటలు, ఎదురుగా అర్థాలు రాసుకుని వల్లె వేసేవాణ్ణి. ఆ ఏడాది వీడ్కోలు సభలో మా మాస్టారిని పొగడబోయి 'నొటోరియస్ టీచర్' అన్నాను. హాలంతా గొల్లుమంది. నా పట్టికలో ఆ మాటకు 'పేరుమోసిన' అని ఉంది. తెలుగులో డాక్టరూ పేరుమోస్తాడు, దొంగా పేరుమోస్తాడు. ఇంగ్లీషు మాట మాత్రం దొంగకే చెల్లుతుంది! మాస్టారు నవ్వలేదు. "అర్థం ఒక్కటే చాలదోయ్, మాట వేరూ, పొరుగూ తెలియాలి" అన్నారు.

ముందుగా వేరు సంగతి. ఇది మనకు కొత్త కాదు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం - ధాతువు ఒకటే, ఉపసర్గ మారితే అర్థం మారుతుంది. లాటిన్, గ్రీకుల నుంచి వచ్చిన ఇంగ్లీషు పెద్దమాటలదీ ఇదే దారి. 'స్పెక్ట్' అంటే చూడటం. 'రెట్రో' చేరితే వెనక్కు చూడటం, 'ఇంట్రో' చేరితే తనలోకి తాను చూసుకోవడం. 'సర్కమ్' అంటే చుట్టూ. కనుక 'సర్కమ్‌స్పెక్ట్' అంటే నాలుగువైపులా చూసి అడుగేసే జాగరూకుడు. అలాగే 'బెనె' మంచి, 'మాల్' చెడు, 'డిక్ట్' పలకడం. బెనెడిక్షన్ దీవెన, మాలెడిక్షన్ శాపం. నార్మన్ లూయిస్ 1949లో ప్రచురించిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' ఈ పద్ధతినే ఆధారం చేసుకుంది.

అయితే వేరును గుడ్డిగా నమ్మరాదు. 'మిసాంత్రోప్'లోని 'మిస్' గ్రీకు, ద్వేషమని అర్థం. 'మిస్టేక్'లోని 'మిస్'కు దానితో చుట్టరికం లేదు. అనుమానం వస్తే నిఘంటువు తెరవాల్సిందే.

ఇక పొరుగు. 'డిసిన్‌టరెస్టెడ్' అంటే స్వలాభం చూసుకోని, పక్షపాతం లేని. 'అనిన్‌టరెస్టెడ్' అంటే ఆసక్తి లేని. న్యాయమూర్తి మొదటి రకంవాడు కావాలి. రెండో రకంవాడైతే వాదన సాగుతుండగా కునుకు తీస్తాడు! అందుకే మాటను వాక్యంతో సహా రాసుకోవాలి.

మూడవది మరపు. జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ తనమీదే ప్రయోగాలు చేసుకుని, నేర్చినదాంట్లో ఎక్కువ భాగం తొలి గంటల్లోనే జారిపోతుందని 1885లో చూపాడు. కాబట్టి రోజుకు ఇరవై వద్దు, అయిదు చాలు. అర్థాన్ని చేత్తో మూసి గుర్తు తెచ్చుకోండి. మర్నాడొకసారి, వారానికొకసారి, నెలకొకసారి తిరగెయ్యండి. ప్రతి మాటతో సొంత వాక్యం ఒకటి రాయండి.

తప్పు వస్తుందని నోరు మాత్రం మూసుకోకండి. ఆనాడు వల్లె వేసిన మాటల్లో ఎన్నో మరిచాను. హాలు నవ్విన ఆ ఒక్కటీ ఈనాటికీ మరువలేదు.