కమాను బోల్టు బిగించడమూ చదువే

రాజానగరం నుంచి సామర్లకోట మీదుగా కాకినాడ పోర్టుకు పోయే ఏడీబీ రోడ్డు మీద రాత్రీ పగలూ తిరిగే పికప్ వ్యాన్లలో వెనక బరువంతా మోసేవి కమాను (లీఫ్ స్ప్రింగ్) కట్టలు. కట్టను ఇరుసుకు పట్టి ఉంచేవి యూ బోల్టులు. కట్టలోని పట్టీలు ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేది సెంటర్ బోల్టు. కట్ట ముందు కొస బుష్‌లో, వెనక కొస షాకిల్‌లో ఉంటాయి. యూ బోల్టు వదులైతే బండి జోరంతా సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది. ఇరుసు తన చోటు నుంచి జరిగి, 75 కిలోల ధాన్యం బస్తాలు నిండుగా ఉన్న బండి ఒకవైపు లాగేస్తుంది. డ్రైవరుతో పాటు ఎదురొచ్చేవాళ్ల ప్రాణాలూ ఆ యూ బోల్టుల నట్ల మీదే ఉంటాయి.

అయినా పదో తరగతి ఫలితాలొచ్చిన వారం గోదావరి జిల్లాల ఇళ్లలో వినపడే మాట ఒకటుంది: "వీడికి చదువు అబ్బదు, షెడ్డులో పెట్టేద్దాం." ఇందులో రెండు తప్పులున్నాయి. మెకానిక్ పనికి చదువు అక్కర్లేదనుకోవడం మొదటిది. పని నేర్పడాన్ని పిల్లవాడికి వేసే శిక్షగా మార్చడం రెండోది, ఎక్కువ హాని చేసేది కూడా అదే.

బండిని ఎత్తే తీరులోనే మెకానిక్ శిక్షణ తెలిసిపోతుంది. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. నేల మీదే ఉండే చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టాలి. జాకీ పని ఎత్తడం వరకే. మనిషి కిందికి దూరే ముందు బరువు ఛాసిస్ కింది స్టాండ్ల మీదకు మారాలి. హైడ్రాలిక్ జాకీలో సీలు ఎప్పుడు వదులుతుందో ఎవరూ చెప్పలేరు. ఇటుకలు పేర్చి వాటి మీద బండిని నిలబెట్టే షెడ్డులో పిల్లవాణ్ణి ఒక్కరోజు కూడా ఉంచకూడదు, మేస్త్రికి ఎంత పేరున్నా సరే.

తర్వాత బోల్టు ఎంపిక. బోల్టు తల మీద 8.8, 10.9 లాంటి అంకెలుంటాయి. 8.8 అంటే తెగే దాకా తట్టుకునే బలం దాదాపు 800 మెగాపాస్కళ్లు. అందులో 80 శాతం, అంటే 640 దాటితే బోల్టు శాశ్వతంగా సాగిపోతుంది. 10.9 అయితే ఈ అంకెలు 1000, 900. పాతదాని స్థానంలో అదే సైజు, అదే మర, అదే గ్రేడు బోల్టే పడాలి. కాకినాడ రేవు నుంచి చేపలు, రొయ్యలు మోసే బండ్ల కింద ఉప్పు కలిసిన ఐసు నీరు కారుతూనే ఉంటుంది. తుప్పు తిని గుంటలు పడ్డ బోల్టును రుద్ది మళ్లీ వాడకూడదు. బిగుసుకుపోయిందని గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి తీస్తే, ఆ బోల్టు పదును పోతుంది. అది మళ్లీ బండికి పనికిరాదు.

బిగింపు దగ్గరే అసలు చదువు ఉంది. అర మీటరు పానా కొసన 20 కిలోల బరువు వేస్తే వచ్చే టార్క్ దాదాపు 98 న్యూటన్ మీటర్లు. హైస్కూలు భౌతికశాస్త్రం చదివినవాడికి ఇది అర నిమిషం లెక్క. అయితే ఆ టార్క్‌లో దాదాపు 90 శాతం మరల మధ్య, నట్టు కింద ఒరిపిడికే పోతుంది. మిగిలిన కొద్ది భాగమే బోల్టును సాగదీస్తుంది. తిరిగి ముడుచుకోవాలని చూసే ఆ లాగుడే భాగాలను కలిపి పట్టుకుంటుంది. పొడి మరలకు చెప్పిన అంకెను గ్రీజు పూసిన మరలకు వాడితే ఒరిపిడి తగ్గి బోల్టు హద్దు దాటి సాగుతుంది. పానాకు పైపు తొడిగి ఒళ్లు బలమంతా పెట్టి లాగేవాడు బాగా బిగించానని అనుకుంటాడు. నిజానికి బోల్టును సగం తెంపి వదిలాడు. ఏ బోల్టుకు ఎంత టార్క్ అన్నది బండిని బట్టి మారుతుంది. కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో ఆ పట్టిక చూసి చదవగలగాలి. చదువు రాకపోయినా ఫర్వాలేదన్న మాట ఇక్కడ ఎంతమాత్రం చెల్లదు.

నట్టును మొదట చేత్తోనే ఎక్కించాలి. ఇంపాక్ట్ గన్‌తో మొదలుపెడితే మర అడ్డంగా పడి చెడిపోతుంది. యూ బోల్టుల నాలుగు నట్లను మూలకు మూల ఎదురెదురుగా, రెండు మూడు దఫాల్లో బిగించాలి. నట్టు పైకి మిగిలిన మరలు నాలుగింటికీ సమానంగా కనపడాలి. రబ్బరు బుష్ ఉన్న బోల్టుల సంగతి వేరు. బండి గాల్లో వేలాడుతుండగా వాటిని పూర్తిగా బిగిస్తే, చక్రాలు నేలను తాకగానే రబ్బరు మెలితిరిగిపోతుంది. కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. అందుకే వాటి చివరి బిగింపు బండి తన బరువు మీద మామూలు ఎత్తులో నిలిచినప్పుడే జరగాలి. బాల్ జాయింట్ గాడి నట్టుకు స్ప్లిట్ పిన్ రంధ్రం సరిగ్గా కలవకపోతే మరికాస్త బిగించి కలపాలి, వెనక్కి తిప్పకూడదు. నైలాక్ నట్టు తీస్తే కొత్తది వేయాలి. కమాను పని చేసిన బండి కొంత దూరం తిరిగాక, మాన్యువల్ చెప్పిన మేరకు యూ బోల్టులను మళ్లీ చూడాలి. ఆ రెండో చూపుకు బండిని రప్పించలేని షెడ్డు పని సగంలో ఆపినట్టే.

ఈ పనికి సరైన దారి ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు: పదో తరగతి పాసైతే చాలు, రెండేళ్లు. మెకానిక్ డీజిల్ ఏడాదే కానీ, ఆగగలిగినవారికి రెండేళ్లదే మేలు. సామర్లకోట పిల్లలకు కాకినాడ ప్రభుత్వ ఐటీఐ రైల్లోనో బస్సులోనో రోజూ వెళ్లి రాగలిగినంత దగ్గర. ఆ తర్వాత 1961 అప్రెంటిస్ చట్టం కింద ఆర్టీసీ డిపోలోనో, కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో అప్రెంటిస్‌గా చేరవచ్చు. అక్కడ స్టైపెండ్ ఇవ్వడం చట్టం పెట్టిన నిబంధన, యజమాని దయ కాదు. అమ్మాయిలకూ ఈ ట్రేడు తెరిచే ఉంది. వద్దని ఆపేది ఇల్లే.

డబ్బు పోయే దారులు వేరే ఉన్నాయి. లెక్కలంటే భయపడే పిల్లవాణ్ణి ఎంపీసీలో చేర్చి, హాస్టల్ ఫీజుకు అప్పు తెచ్చి, బ్యాక్‌లాగులతో నాలుగేళ్ల బీటెక్ ఆరేళ్లకు లాగించడం ఒకటి. ఇంజన్ విప్పి చూడాలని తపించే పిల్లవాడు ఆ గదుల్లో తనను తాను పనికిరానివాడిగా అనుకోవడం మొదలుపెడతాడు. ఆ నష్టం ఫీజు కంటే పెద్దది, దాన్ని ఏ ఉద్యోగమూ పూడ్చదు.

ఇప్పుడు కొత్తగా మూడు నెలల్లో ఈవీ టెక్నీషియన్ చేస్తామనే సంస్థల వైపు పరుగు మొదలైంది. ఎలక్ట్రిక్ బండికీ సస్పెన్షన్ ఉంటుంది. బ్యాటరీ వల్ల బరువు పెరిగి అక్కడి బోల్టుల మీద భారం ఇంకా ఎక్కువ. పునాది పని రాని చేతికి మూడు నెలల సర్టిఫికెట్ తిండి పెట్టదు. హాజరు అక్కర్లేదు, పరీక్ష మేమే చూసుకుంటామనే ప్రైవేటు ఐటీఐలకూ దూరంగా ఉండాలి. ఫీజు కట్టే ముందు కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ (డీజీటీ) గుర్తింపు ఉందో లేదో చూడాలి. వర్క్‌షాపులోకి వెళ్లి, బండ్ల మీద నిజంగా పని జరుగుతోందా, టార్క్ రెంచి వాడుకలో ఉందా, గాజు బీరువాలో తాళం వేసి ఉందా కళ్లతో చూడాలి. గల్ఫ్ ఉద్యోగమంటూ లక్షలు అడిగే ఏజెంటు మరో గుంట. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ రుసుముకు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీయే పరిమితి.

ఇక బడి మాన్పించి షెడ్డుకు పంపడం: 14 ఏళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టడం నేరం. పదో తరగతి పూర్తి కాకుండా వెళ్లినవాడికి పానా సైజులు వస్తాయి కానీ, మాన్యువల్ తెరిచే ధైర్యం రాదు. ముప్పై ఏళ్లొచ్చినా మేస్త్రి చెప్పిందే వేదమవుతుంది.

ఐటీఐ దగ్గరే ఆగాల్సిన పనీ లేదు. అక్కణ్నుంచి లేటరల్ ఎంట్రీలో డిప్లొమాకు, డిప్లొమా నుంచి ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదికి వెళ్లవచ్చు. బోధించాలనుకుంటే ఏడాది సీఐటీఎస్ శిక్షణతో ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ కావచ్చు. సొంత షెడ్డు పెట్టేవాడు ముందు కొనాల్సినవి మంచి స్టాండ్లు, టార్క్ రెంచి. ఇంపాక్ట్ గన్ చివర. క్లిక్ రకం రెంచిని పని కాగానే కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టెలో దాచాలి. ఏడాదికోసారి గానీ, 5,000 బిగింపులకోసారి గానీ, ఏది ముందొస్తే అప్పుడు కాలిబ్రేషన్‌కు పంపాలి.